చివరి మాట మా ఇంటిది

అబారావా,
ఫిబ్రవరి 11

మా పెదనాన్న ఇంట నాకంటే రెండు నెలలు ముందు పుట్టిన పాపానికి నాకు అక్కవైన తెరెతియా గారికి,

అబారావా దీవిలోని యావత్తు జనానికీ, కోళ్లకీ, పీతలకీ, జెనీవా పట్నంలో కోటు తొడుక్కుని కూర్చున్న మా ఇంటి ఆడపడుచుకీ చాటింపు వేయించడమేమనగా: ఊరి సభా మందిరమైన మనేబాలో మా ఇంటివారి చోట, సదరు ఆడపడుచు కూర్చోవలసిన మొగలి చాప పద్నాలుగు నెలలుగా ఖాళీగా పడి ఉండి బూజు పట్టుచున్నందున, దానిని నిన్న ఉదయం మా ఆడపందికి పురుటి మంచంగా కేటాయించడమైనది. పంది ఏడు పిల్లలను కన్నది. వాటిలో మిక్కిలి బలిసి, తోడబుట్టినవాటి పాలు కూడా లాగేసుకొనుదానికి 'ప్రతినిధి' అని పేరు పెట్టడమైనది. అభ్యంతరం గలవారు స్వయంగా వచ్చి చెప్పుకోవలెను. ఉత్తరాల్లో వచ్చే అభ్యంతరాలు పందికి చదివి వినిపించబడును.

చాటింపు అయింది. ఇక నిన్ను తిట్టే పని మొదలుపెడతాను.

మొన్న గురువారం విమానంలో రాజధాని నుంచి సర్కారు అధికారి తియోనే మళ్లీ దిగాడు. నవంబరులో మనేబాలో సభ పెట్టి, పెద్ద ఓడలు వచ్చి ఆగడానికి మన ఒడ్డున కాలువ తవ్వుతామని కాగితం చదివి వెళ్లాడే, వాడే. ఈసారి కొలతల గొలుసు తెచ్చాడు. గొలుసు ఎక్కడ పరిచాడో తెలుసా? మన చేమ గుంటల పక్క నుంచి, పన్నెండు అడుగుల దూరంలో. అక్కడ కాలువ తవ్వితే గుంటల్లోకి ఉప్పునీళ్లు వస్తాయి. ఉప్పు తగిలిన గుంటలో మళ్లీ చేమ మొలవదు. ఈ మాట నీకు చెప్పాల్సి రావడమే సిగ్గు. ఆ గుంటల దుంప తినే కదా నువ్వు ఇంత పొడుగయ్యావు.

"ఎవరిని అడిగి కొలుస్తున్నావురా?" అన్నాను.

"అందరూ ఒప్పుకున్నారుగా పెద్దాయనా! ఇదిగో చూడు, మీ అక్కే రాసింది," అని ఒక అచ్చు పుస్తకం తీశాడు. మన దేశం మీ జెనీవాలోని దేశదేశాల సభకి ఇచ్చిన నివేదికట. 'అబారావా ప్రజలు తమ సంప్రదాయ సభలో ఏకగ్రీవంగా సమ్మతించారు.' కింద నీ సంతకం. తోక పొడుగ్గా, నీ సంతకమే.

ఏకగ్రీవమా? మనేబాలో చివరి మాట మన ఇంటిది. మన చోటు నుంచి 'ఇక అయింది' అనే మాట వస్తే తప్ప ఏ వ్యవహారమూ తెగదు. నవంబరులో ఆ మాట రాలేదు. ఏ పిల్లనడిగినా చెబుతుంది. నీకు తెలీదా? తెలిసే రాశావు. నీ చాప మీద పంది ఈనిందంటే అది చాపకి మర్యాదే.

బౌరో

*

జెనీవా,
మార్చి 5

ఒరేయ్ బౌరో,

నా చాప మీద పంది ఈనినందుకు నాకేం బాధ లేదు. పద్నాలుగు నెలలుగా దాని పక్కన కూర్చునేది నువ్వే కాబట్టి, దానికి పందులు అలవాటే.

కోటు అన్నావు. ఈ కోటు నాది కాదు. పక్క కుర్చీ దేశం ఆవిడది. ఆవిడదీ మనలాంటి చిన్న దేశమే, మన లాగే ఎవరో ఖర్చులిచ్చి పిలిపిస్తే వచ్చింది. ఆవిడకి రెండు కోట్లుంటే నాకొకటి ఇచ్చింది. పెద్ద దేశాల వాళ్లు వస్తే లిఫ్టు నిండిపోతుంది. మన దేశానికి ఇక్కడ ఇద్దరం, నేనూ రాయబారి ఇయొతెబా గారూ. ఒకే పొద్దున ఐదు గదుల్లో ఐదు సమావేశాలు. ఆయన ఒక గదిలో కూర్చుంటే నేను మిగతా నాలుగు గదుల తలుపులు తీసి మూస్తూ పరిగెత్తాలి. వంతు వస్తే మాట్లాడటానికి రెండు నిమిషాలు. రెండో నిమిషం చివర ఎర్ర దీపం వెలుగుతుంది, మైకు కోసేస్తారు. నువ్వు ఇక్కడికి వస్తే దగ్గడం పూర్తయ్యేలోపు కోసేస్తారు.

ఆ వాక్యం నేను రాశాను. తియోనే పంపిన సభ చిట్టాలో 'అభ్యంతరం రాలేదు' అని ఉంది. చిట్టాలో ఉన్నది రాశాను.

ఇప్పుడు నేనడిగేదానికి జవాబు చెప్పు. ఆ రోజు మనేబాలో నువ్వు ఉన్నావా లేదా? నాన్న పోయాక, నేను ఊళ్లో లేనప్పుడు మన చోటు నుంచి మాట్లాడాల్సింది నువ్వేనా కాదా? చావింట్లో కూడా నోరు మూయలేనివాడివి, ఆ ఒక్క రోజు ఎందుకు మూశావు?

మన చోటు మాట్లాడకపోతే వ్యవహారం తెగనట్టేనని నాకు పాఠాలు చెప్పకు. అది అబారావాలో. ఇక్కడి కాగితాల్లో మాట్లాడనివాడికి గడి ఉండదు. ఊరుకున్నాడంటే ఒప్పుకున్నాడనే. కాలువ వద్దని ఎవరన్నారు? వాళ్ల పేరేమిటి? ఏమని అన్నారు? ఆ మూడూ ఉంటే రాయి. లేకపోతే తపాలా బిళ్ల దండగ చేయకు. ఆ కూలిపోయిన ఫోను స్తంభం ఇంకా లేపలేదని సంతోషంగా ఉంది. లేకపోతే నీ గొంతు కూడా వినాల్సి వచ్చేది.

జూన్‌లో ఆహార హక్కు మీద చర్చ ఉంది. అందులో మన రెండు నిమిషాలకి ఈ కాలువనే గొప్పగా చెప్పుకోబోతున్నారు.

తెరెతియా

*

అబారావా,
మార్చి 28

అమ్మా ప్రతినిధీ (ఇది పందికి కాదు, నీకే),

పేరు కావాలా? రాసుకో. అకెనెతీ అత్త. నిన్ను మూడేళ్లు మోసిన నడుము ఆమెదే. నీకు గుర్తులేకపోతే నీ పొట్టకి గుర్తుండాలి.

సభ రోజు తియోనే డబ్బా మాంసం పెట్టెలు మోయించుకొచ్చి, మనేబా మధ్యలో గుడి కట్టినట్టు పేర్చాడు. కాగితం చదివాడు. "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అన్నాడు. ముసలాళ్లందరూ పెట్టెల వంకే చూస్తున్నారు. అప్పుడు ఉత్తరపు స్తంభం దగ్గర చాప అల్లుకుంటున్న అత్త, అల్లిక కింద పెట్టింది. స్తంభం పట్టుకుని లేచింది. ఆ మోకాళ్లతో లేవడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. లేచేదాకా అందరూ ఆగారు. అప్పుడంది:

"నాయనా, ఓడ రోజూ రాదు. మేం రోజూ తింటాం."

అంతే. మళ్లీ కూర్చుని అల్లిక తీసుకుంది.

తియోనే ఏం చేశాడంటావా? కలానికి మూత పెట్టేశాడు. "మామ్మగారికి ఆకలేస్తున్నట్టుంది, ముందు ఆవిడకో డబ్బా ఇవ్వండ్రా!" అన్నాడు. అందరూ నవ్వారు. చిట్టాలోకి ఎక్కించలేదు. ముసలిది, అందులోనూ ఆడది, దాని మాట ఏం ఎక్కిస్తాంలే అనుకున్నాడు.

నువ్వెందుకు మూశావని అడిగావుగా? పెద్దావిడ అంత మాట అన్నాక దాని మీద నేను ఇంకో మాట వేసేదేముంది?

వెళ్లి ఆమెనే అడుగుతాలే అనుకుంటున్నావేమో. అడగలేవు. అత్త ఈ నెల పంతొమ్మిదో తారీకున పోయింది. పొద్దున గుంట దగ్గరికి వెళ్లి, చేమ మొదట్లో ఆకు ఎరువు వేస్తూ ఒరిగిపోయింది. పూడ్చేశాం. మూడు రోజులు కూర్చున్నాం. నీ వాటా దుంప కూడా నేనే తిన్నాను. ఉడికింది బాగానే ఉంది.

బౌరో

*

జెనీవా,
ఏప్రిల్ 19

బౌరో,

అత్త పోయిన వార్త నీ చేతి రాతలో, అదీ తిట్ల మధ్య చదవాల్సి రావడం కంటే నాకు ఇంకో శిక్ష అక్కర్లేదు. నీకు అది చాలకపోతే నీ ఇష్టం.

నిన్ను నేను నమ్మను. ఆరేళ్ల క్రితం నేను పోయానని దీవుల రేడియోలో కబురు చదివించినవాడివి నువ్వు. ఊరంతా నా కోసం ఏడ్చి, నా పేరున విందు తింది. పడవలో దిగిన నన్ను చూసి దయ్యమనుకుని ముగ్గురు ఆడవాళ్లు నీళ్లలోకి దూకారు. అది వేళాకోళమన్నావు.

ఇప్పుడు ఇది చూడు. మొదటి ఉత్తరంలో మన చోటు నుంచి మాట రాలేదన్నావు. రెండో ఉత్తరానికి అత్త మాట్లాడిందంటున్నావు. ఏది నిజం?

నీకు కోపం తెప్పించే సంగతి ఒకటి చెబుతాను, చదువుకో. ఆ చిట్టా నా బల్ల మీదికి వచ్చినప్పుడే నాకు కనిపించింది. ఇరవై రెండు ఇళ్ల పేర్లున్నాయి, మన ఇంటి దగ్గర ఖాళీ ఉంది. వ్యవహారం తెగలేదని నాకు తెలుసు. ఇయొతెబా గారికి చెప్పాను. "ఒక్క వాక్యం తెరెతియా, రేపు అచ్చుకి వెళ్లాలి," అన్నాడు. రాసేశాను. నువ్వన్నట్టు, తెలిసే రాశాను.

కాబట్టి ఇప్పుడు ప్రమాణం చెయ్యి. మన చోటు మీద. లేకపోతే ఇంక రాయకు.

తెరెతియా

*

అబారావా,
మే 9

తెరెతియాకి,

ఆడవాళ్లు కూర్చునే ఉత్తరపు స్తంభం దగ్గర నుంచి అంది, మన చోటు నుంచి కాదు. అందుకే ముగింపు మాట రాలేదు, వద్దనే మాట మాత్రం వచ్చింది. ఇంత చిన్న సంగతికి లాయరు లాగా తయారయ్యావు.

మన చోటు మీద ఒట్టు. తాత మీద, మీ నాన్న మీద ఒట్టు. అత్త అంది.

తెలిసే రాశానని ఒప్పుకున్నావు కాబట్టి చెబుతున్నా, ఇంత నీచురాలివని నేను కూడా అనుకోలేదు.

బౌరో

*

జెనీవా,
జూన్ 27

బౌరో,

నీ కోసం చేశానని సంబరపడకు.

మంగళవారం ఆహార హక్కు మీద చర్చ. ఇయొతెబా గారు మాట్లాడాలి, నేను వెనక కూర్చుని కాగితాలు అందించాలి. సరిగ్గా మన వంతుకి ముందు, కింది అంతస్తులో ఇంకో తీర్మానం మీద బేరాలు తేలే వేళయింది. ఎవరో ఒకరు అక్కడ లేకపోతే మన దేశం పేరు ఎగిరిపోతుంది. "ఉన్నది ఉన్నట్టు చదివెయ్, ఒక్క అక్షరం కదపకు," అని కాగితం నా చేతిలో పెట్టి ఆయన పరిగెత్తాడు. పెద్ద దేశమైతే నా వెనక ఇంకో ఐదుగురు ఉండి నన్ను ఆపేవాళ్లు. మనకి ఆ భాగ్యం లేదు. మన దేశం పేరున్న పలక వెనక నేనొక్కదాన్నే.

చదవడం మొదలుపెట్టాను. సముద్ర మట్టం, పిల్లల పోషణ, భాగస్వామ్యం. నూట తొంభై దేశాల వాళ్లు ఫోనులు చూసుకుంటున్నారు. 'అబారావా ప్రజల ఏకగ్రీవ సమ్మతితో' అన్న వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆగితే వాళ్లు తలెత్తి చూస్తారని అప్పుడే తెలిసింది.

కాగితం బోర్లించాను. "ఈ వాక్యం తప్పు. రాసింది నేనే," అన్నాను. "మా సభలో చివరి మాట చెప్పాల్సిన ఇల్లు ఆ రోజు మాట్లాడలేదు. కాబట్టి ఆ వ్యవహారం ఇంకా తెగలేదు. కానీ ఒక ముసలావిడ లేచి నిలబడింది. ఆమె పేరు అకెనెతీ. ఆమె అన్న మాట మా ప్రభుత్వం రాసుకోలేదు. మీరు రాసుకోండి." అత్త మాట చెప్పాను. మన భాషలో ఒకసారి, వాళ్లకి తెలిసిన భాషలో ఒకసారి. రెండోసారి చెబుతుండగా ఎర్ర దీపం వెలిగింది, కానీ ఎందుకో మైకు కొయ్యలేదు.

పక్క కుర్చీ ఆవిడ కాగితం మీద అత్త పేరు రాసి, "అక్షరాలు సరిగ్గా ఉన్నాయా?" అని చూపించింది. తన వంతు వచ్చినప్పుడు ఆ మాటే మళ్లీ చెప్పింది. తర్వాత ఇంకో నాలుగు చిన్న దేశాలు చెప్పాయి.

ఇయొతెబా గారు మెట్లెక్కి వచ్చేసరికి అయిపోయింది. "మతి పోయిందా నీకు? ఇది మనేబా అనుకున్నావా?" అన్నాడు.

"కాదు సార్. మనేబాలో ఇంతకంటే మర్యాదగా వింటారు," అన్నాను.

మర్నాటికి రాజధాని నుంచి కబురు వచ్చింది. నన్ను వెనక్కి పిలిచారు. ఇరవై మూడేళ్లలో సంపాదించిన హోదా రెండు నిమిషాల్లో ఊడింది. కాలువ పని మాత్రం 'పునఃపరిశీలన వరకు' ఆపారట. నువ్వు కోరుకున్నది నీకు దొరికింది. నన్ను అభినందించకు, వాంతి వస్తుంది.

తెరెతియా

*

అబారావా,
ఆగస్టు 14

తెరెతియాకి,

కొలతల గొలుసు, తవ్వే యంత్రం, తియోనే, మూడూ ఒకే ఓడలో వెళ్లిపోయాయి. మూడింట్లో ఎక్కువ తుప్పు పట్టింది తియోనే మొహమే.

ఇక్కడ మాత్రం కొత్త వ్యాధి మొదలైంది. నీ ప్రసంగం రేడియోలో వేశారు. అది విన్న దగ్గర నుంచి ఊళ్లో అందరికీ అత్త మాట్లాడటం గుర్తొస్తోంది. "నేను పక్కనే ఉన్నాను, గొంతు వణికింది," అంటాడొకడు. "వణకలేదు, గంటలా మోగింది," అంటుంది ఒకావిడ. దాని మీద వాళ్లిద్దరికీ మాటల్లేవు. సభ రోజు దీవిలోనే లేనివాడు, చేపలకి పోయినవాడు, తను ఏడ్చానంటున్నాడు. బడిలో పంతులు పిల్లలతో ఆ మాట రోజూ అనిపిస్తున్నాడు. మనేబా దూలం మీద చెక్కిద్దామని పెద్దలు నిర్ణయించారు. చివరి మాట మన ఇంటిది కాబట్టి సరేనా అని నన్నడిగారు. నేనింకా ఏమీ చెప్పలేదు.

నిన్ను తపాలా బిళ్లలు లెక్కపెట్టే గదిలో వేశారని విన్నాను. బిళ్లలకి జిగురు నాలుకతో రాయి, ఆ నాలుకకి అదే తగిన పని.

బౌరో

*

రాజధాని,
సెప్టెంబరు 2

బౌరో,

అక్టోబరు ఓడకి వస్తున్నాను. ఉండటానికి. నా చోట నేను కూర్చుంటాను. నువ్వు లేచి, తలుపు దగ్గర బయటివాళ్లు కూర్చునే చోట కూర్చో. మన ఇంటి మాట ఇక నుంచి నేను చెబుతాను. నువ్వు ఆ చోటుకి చేసిన సేవ చాలు.

ఒక్కటే అడుగుతున్నాను, తిట్టకుండా జవాబు రాయి. అత్త ఏ చేత్తో స్తంభం పట్టుకుంది? అన్నాక నా చాప వైపు గాని చూసిందా? హోదా పోయింది, పరువు పోయింది, ఇక్కడ వీధిలో కనిపిస్తే స్నేహితులు తల తిప్పుకుంటున్నారు. అయినా నిద్ర పడుతోంది. మన ఇంటిలో ఒక్కరైనా ఆ రోజు లేచి నిలబడ్డారు కదా అనుకుంటే పడుతోంది. నాకు మిగిలింది అదొక్కటే. కాబట్టి సరిగ్గా గుర్తు తెచ్చుకుని రాయి.

తెరెతియా

*

అబారావా,
సెప్టెంబరు 19

అక్కా,

ఇది ఓడ ఎక్కేముందే చదువు. చదివాక ఎక్కాలో వద్దో నీ ఇష్టం.

నన్ను తలుపు దగ్గర కూర్చోమన్నావు. మే నెల నుంచి అక్కడే కూర్చుంటున్నాను. ఒట్టు వేసిన రోజు నుంచి. నడుం నొప్పి, గాలి కోసం అని ఊళ్లో అబద్ధం చెప్పాను.

ఆ రోజు తియోనే కాగితం చదవడం మొదలుపెట్టేముందు, "ఇది మీ తెరెతియా గారి కార్యాలయం నుంచి వచ్చింది, కింద ఆవిడ సంతకం ఉంది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎప్పటికప్పుడు నువ్వే పెద్దదానివి, చదువుకున్నదానివి, దేశాలు తిరిగేదానివి. నేను నీ చాపకి కాపలావాణ్ణి. చదవడం అయింది. ఇరవై రెండు ఇళ్లూ తలా ఒక మాట అన్నాయి, ఎటూ తేల్చని మాటలు, పెట్టెల వంక చూసి అనే మాటలు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు. వాళ్లకి కాలువ ఇష్టం లేదని వాళ్ల కళ్లలోనే ఉంది. మన చోటు 'వద్దు' అంటే అక్కడితో తెగిపోతుంది, నింద మన మీదికి వస్తుంది, వాళ్లు పెట్టెలు మోసుకుని ఇళ్లకి పోతారు. అందుకే చూశారు.

నేను నోరు తెరిస్తే నీ తప్పు అక్కడే ఆగిపోయేది. ఆగకూడదనుకున్నాను. సొంత గుంటల్లోకి ఉప్పునీళ్లు తెచ్చిందని చచ్చేదాకా నిన్ను అనొచ్చు అనుకున్నాను. గుంటల కంటే నాకు అదే ముద్దనిపించింది. కాబట్టి తల దించుకుని కాలి గోళ్లు చూసుకున్నాను. చివరికి తియోనే, "సరే, ఎవరికీ అభ్యంతరం లేదు," అన్నాడు.

మార్చిలో నీ ఉత్తరం వచ్చింది. పేరు, మాట అడిగావు. మాట్లాడాల్సి ఉండీ మాట్లాడని మనిషి పేరు రాయాలంటే నా పేరే రాయాలి. రాయలేకపోయాను. అత్తని పూడ్చి వారమైంది. గుంట దగ్గర కూర్చుని మూడుసార్లు కొట్టేసి ఆ మాట రాశాను. మొదట ఇంకా పొడుగ్గా ఉంది. నీకు రెండు నిమిషాలే ఇస్తారని గుర్తొచ్చి కుదించాను.

తియోనే కలానికి మూత పెట్టడం అబద్ధం. వాడు చిట్టాలో రాసింది ఉన్నదే. దూలం మీద చెక్కించాలా వద్దా, ఊళ్లో చెప్పాలా వద్దా, నువ్వే చెప్పు. ఆ చోటు నీది.

నువ్వు అడిగినదానికి జవాబు. అత్త ఏ చేత్తోనూ స్తంభం పట్టుకోలేదు. స్తంభానికి ఆనుకుని నిద్రపోతోంది. నేను మెలకువగానే ఉన్నాను.

బౌరో